గంటా పది నిమిషాల ఎండ

జాకెట్టుకు కొలత తీసినట్టే
మొక్కకు ఎండ కొలవాలని
తిరుచానూరు రోడ్డులో నర్సరీ దొరసామి చెప్పినాడు.
మల్లెకు ఆరు గంటలు,
తగ్గితే ఆకులే గానీ పువ్వుండదు.
కనకాంబరానికి పొద్దుటి ఎండ చాలు,
మిట్టమధ్యాహ్నం దాని తల మీద ఏదో ఒకటి కప్పాల.
"మరి ఈ పాము చారల మొక్క?" అంటే
"మంచం కింద పెట్టినా బతుకుతాదిలే అక్కా,
బతకడం వేరు, పెరగడం వేరు" అన్నాడు
చిల్లర ఎంచుతా.

కొర్లగుంటలో మాది ఒకటో అంతస్తు.
తూర్పు బాల్కనీ, మూడడుగుల వెడల్పు,
మిద్దె మీదికి ఓనరు తాళం.
అయినా, రేణిగుంట దిక్కున పొద్దు పొడిస్తే
మొదటి ఎండ నా మిషను చక్రం మీదే పడేది.
సూదిలో దారం ఎక్కించడానికి
కళ్లద్దాలతో పనే లేదు.

ఎదురుగా లాడ్జి లేచింది.
ఒక్కో స్లాబు పడేకొద్దీ
పొద్దు ఆలస్యంగా డ్యూటీకొచ్చింది.
ఏడున్నర. తొమ్మిదింబావు.
నాలుగో స్లాబుకు పదీ నలభై.
నీలం చాక్ బిళ్లతో గచ్చు మీద గీసినాను,
ఎండ దిగిన చోట ఒక గీత,
పోయిన చోట ఒక గీత,
చంకకూ నడుముకూ గీసినట్టే.
నడుమ మిగిలింది గంటా పది నిమిషాలు.
ఆరు గంటల మనిషికి
గంటా పది నిమిషాల గుడ్డ.
ఎట్ల తిప్పి కత్తిరించినా
చేతులకు చాలదు.

కరివేపాకును వీధి చివర టీ అంగడికి ఇచ్చేసినాను,
అక్కడ రోజంతా నిప్పులే.
క్రోటను ఎరుపంతా వదిలేసింది
రెండు ఉతుకులకే వెలిసిన లంగా మాదిరి.
మనీప్లాంటు మటుకు గ్రిల్లు పట్టుకుని పాకింది,
నీడ దానికి పుట్టినిల్లు.
పాపం, ఎండ మొహం చూడలేదే అని
వైశాఖంలో ఒకరోజు
దాన్నీ టీ అంగడి ముందర పెట్టొచ్చినాను.
సాయంత్రానికి ఆకాకు మీదా
ఇస్త్రీపెట్టె మరిచిపోయినంత మచ్చ.
రోజుకు పావుగంట చొప్పున మరపాలంట.
ముందే చెప్పొద్దా దొరసామీ!

మల్లె ఒక్కటే ఎటూ పోలేదు.
కాడలు సన్నబడి, మెడ చాచి,
ఎవరో వస్తామన్నట్టు వీధిలోకి చూస్తా ఉండేది.

ఒకనాడు నాలుగు కొట్టేటప్పటికి
లాడ్జి దిక్కునుంచే ఎండొచ్చింది.
పడమటి పొద్దు మా మిద్దె మీదుగా దూకి
మూడో అంతస్తు కిటికీ అద్దానికి తగిలి
తిరిగొచ్చి మల్లె మీద పడింది,
జేబురుమాలంత.
కిటికీలో గదులు తుడిచే ఆడమనిషి.
"అమ్మే, ఆ రెక్క అట్లే ఉండనీ!
ఇంకొంచెం లోపలికి... చాలు, చాలు!"
పిచ్చిదనుకుని ఉంటాది.
మర్నాడు జాకెట్టు ముక్క పట్టుకుని మెట్లెక్కింది,
పేరు రెడ్డెమ్మ, ఊరు పాకాల దగ్గర.
కుట్టుకూలి ఎంతక్కా అంటే
మూడు వందల నాలుగో గది కిటికీ అన్నాను.

గది ఖాళీ ఉన్న దినం నలభై నిమిషాలు.
జనం దిగితే కర్టెన్లు.
సెలవుల్లో, గుండుకు గంధం పూసుకున్న పిల్లోడొకడు
రెక్క మూసి తెరిచి, మూసి తెరిచి
ఎండను నా మొహం మీద, మిషను మీద,
పోయే ఆటో మీద ఆడించినాడు.
మల్లెకు ఆ పొద్దు అక్షింతలే.

మొత్తానికి పదకొండు పూలు.
మూర కాదు గదా, జానెడు దండకు రావు.
రెడ్డెమ్మ కొప్పులో ఆరు పెట్టి
మిగిలినవి దారాల డబ్బాలో వేసినాను,
వారం దాకా ప్రతి రీలూ వాసనే.

దొరసామికి చెప్తే నవ్వినాడు,
"అద్దం ఎండ లెక్కలోకి రాదక్కా."
రాదేమో.
నీలం చాక్ అయిపోయింటే
తెల్లదానితో
మూడో గీత గీసినాను.